గురక చేపల మొగ

రేవు,
మే 11

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే ఎత్తడం లేదని మీ బావ దగ్గర అలిగావట. ఫోను అల్మరాలో పడేశాను. ఈ మధ్య అందులో మాట్లాడేవాళ్ళంతా నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడుతున్నారు. మీ బావా అంతే. మంచం ఆ చివర కూర్చుని ఏదో గొణుగుతాడు, ఏమిటయ్యా అంటే "ఏం లేదులే" అంటాడు. వయసు మళ్ళితే మగాళ్ళకి గొంతు సన్నబడుతుందేమో. నువ్వు మాత్రం శుభ్రంగా ఉత్తరం రాయి. నీ చేతిరాత కోడి కెలికినట్టున్నా కళ్ళకి తెలుస్తుంది.

మరదలికి దగ్గు తగ్గిందా? రోజంతా లిఫ్టులు బాగుచేస్తూ పైకీ కిందికీ ఊగే మొగుడు గ్రీజు మరకలతో ఇంటికొస్తుంటే ఆ వాసనకి ఎవరికైనా దగ్గొస్తుంది. బట్టలు గుమ్మం బయట విప్పమని చెప్పు, అంటే నీకు నేనే చెబుతున్నాను.

ఇక్కడ సీజను మొదలైంది. గురక చేపలు గుడ్లు పెట్టడానికి, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వచ్చే రోజులు. మనింట్లో పొయ్యి వెలిగిందన్నా, నీ చదువు సాగిందన్నా వాటి చలవే. నిన్న సాయంత్రం ఎప్పటిలాగే మొగ మధ్యలో ఇంజను ఆపించాను. తెడ్డు నిలువునా నీళ్ళలోకి దించి, పిడి చెవికి ఆనించి, రెండో చెవి అరచేత్తో మూసుకున్నాను. పడవలో ఒక్కడు దగ్గలేదు. వెనక మిగతా పడవలు కూడా ఆగి, నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాయి. నాన్న పోయాక ఈ రేవులో చెవి పెట్టేది నేనొక్కదాన్నే కదా. నేను చెయ్యెత్తితేనే వలలు దిగుతాయి.

ఏమీ లేదురా. గురక లేదు, మూలుగు లేదు. నీళ్ళ చప్పుడు కూడా ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంది. మొన్నా అంతే, అటు మొన్నా అంతే. మొగ మూగబోయింది. నాకు మొదటిసారి సముద్రం అంటే భయం వేసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటు, మీ గాలం రాయుళ్ళు. రాళ్ళ కట్ట మీద బారులు తీరి కూర్చున్నారు. మేం దగ్గరికి వెళ్ళగానే ఒకడు గాలానికి కట్టే సీసపు గుండు విసిరాడు. మీ బావ భుజం కమిలింది. మా వలపెద్ద ఊరుకుంటాడా, తెడ్డు ఎత్తాడు. నేనే ఆపాను. వలలవాళ్ళు చేపని ఊడ్చేశారని వాళ్ళంటారు. కడుపుతో ఉన్న తల్లుల్ని ఏరి ఏరి పట్టి ఫోటోలు దిగేది మీరేనని మావాళ్ళంటారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందట. మా పిల్లి ఎవరో ఇంకా తెలియదు.

మొగలో వలలు ఆపించమని మీ గాలాల సంఘం అర్జీ పెట్టిందని రేవులో అంటున్నారు. నిజమేనా? నువ్వు ఆ సంఘానికి ఏదో అవుతావు కదా. ఈ సీజను పోతే నాన్న పడవ అమ్ముకోవడమే నాకు మిగిలేది. అది తెలిసి కూడా నువ్వు మాట్లాడకుండా ఉంటావని నేననుకోను.

ముందు జవాబు రాయి, తీరిగ్గా తర్వాత అలుగుదువుగాని.

అక్క


ఊరు,
మే 17

అక్కా,

నీ ఉత్తరం ఆసుపత్రి లిఫ్టు కింద గుంతలో కూర్చుని, టార్చి వెలుగులో చదివాను. పైన ఎవరో మీట నొక్కుతూనే ఉన్నారు. ఆగండి, మా అక్క తిడుతోంది అని అరవాలనిపించింది.

దాచను. నేను సంఘానికి కార్యదర్శిని. అర్జీ రాసింది నేనే. నీకు చెబుదామని ఎన్నిసార్లో కూర్చున్నాను, మొదటి వాక్యం దాటలేదు. సీసపు గుండు విసిరినవాడి తరఫున బావకి క్షమాపణ. వాడెవడో కనుక్కుంటాను.

కానీ నా మాట కూడా విను. పోయిన ఏడు కట్ట మీద నా గాలానికి ఒక గురక చేప తగిలింది. పొద్దు వాలే వేళ పట్టుకుంది, నన్ను రాళ్ళ మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించింది. తీరా ఒడ్డుకి తెస్తే, రాగి చెంబు తోమిపెట్టినట్టు మెరిసిపోతోంది. రెండు చేతులా ఎత్తగానే గుర్రుమంది. ఆ గుర్రు నా మోచేతుల దాకా పాకింది. ఇంత ప్రాణిని చంపడానికి నేనెవణ్ణి అనిపించి వదిలేశాను. పక్కవాళ్ళు నవ్వారు. చిన్నప్పుడు పడవెక్కితే పేగులు బయటికొచ్చేవని నాన్న నన్ను ఒడ్డునే వదిలేసేవాడు కదా, అందుకే అవన్నీ కలిసి నీళ్ళలో గురక పెడితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్కటే ఇలా ఉంటే, అనుకుంటాను. ఇప్పుడా ఒక్కటి కూడా నెలల తరబడి తగలడం లేదు. మీ చుట్టు వల గుంపుని గుంపుగా, గుడ్లతో సహా ఎత్తేస్తుంది. ఇది నువ్వు కాదనలేవు.

సోమవారం చేపల ఆఫీసరమ్మ రెండు పక్షాల వాళ్ళనీ పిలిచారు. మీ రేవు నుంచి ఎవరూ రాలేదు. నేను లేచి చెప్పాను. "మా అక్క ఆ రేవులో చెవి పెట్టే మనిషి. ఆవిడకే వినిపించలేదంటే మొగలో చేప అయిపోయినట్టే." ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని ఆ మాట రాసుకున్నారు. నీ చెవికి ఉన్న పరపతి చూసి నాకు నిజంగా గర్వం కలిగింది. చేపే లేనప్పుడు కొన్నాళ్ళు వల ఆపితే మీకూ మంచిదే కదా.

నీ మరదలికి దగ్గు తగ్గింది. బట్టలు బయటే విప్పుతున్నాను.

నీ తమ్ముడు


రేవు,
మే 23

కార్యదర్శిగారికి,

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మాత్రం ఎలా పడతాను?

గుండె చెదిరి తమ్ముడితో చెప్పుకున్న మాట అది. దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో పరిచావా. పైగా గర్వమట. నిన్న ఆఫీసరు మనిషి వచ్చి రేవు గోడకి కాగితం అంటించి పోయాడు. "రేవులో చెవి పెట్టే మహిళ స్వయంగా చెప్పిన ప్రకారం మొగలో చేప లేదు కనుక" అని మొదలవుతుంది. పౌర్ణమి వెళ్ళాక అందరినీ పిలిచి వలల సంగతి తేలుస్తారట. పేరు రాయలేదు గానీ, అక్షరం ముక్క రానివాడికి కూడా అది నేనేనని తెలుస్తుంది.

వలపెద్ద నా మొహం చూడకుండా వల దులుపుతూ, "మన నోటికాడి కూడు నీ నోటితోనే పోయింది" అన్నాడు. అదీ గొణిగాడు. ఏమిటీ, ఏమిటీ అని రెండుసార్లు అడిగి చెప్పించుకోవలసి వచ్చింది. తిట్టు కూడా అడుక్కుని తినే గతి పట్టించావురా నాకు.

మొగలో ఏమైనా వినిపిస్తోందా అని పోయిన నెల ఉత్తరంలో అడిగావే, అదిందుకేనా? నాకు జ్వరం వచ్చిందేమో, నిద్ర పడుతోందో లేదో అడగని తమ్ముడు చేప సంగతి అడిగాడంటే నేనప్పుడే అనుమానించాల్సింది.

నీ చెవి మెలిపెట్టే హక్కు ఇంకా నా దగ్గరే ఉంది. గుర్తుంచుకో.

అక్క, ఇంకా


ఊరు,
మే 30

అక్కా,

నీ మీద ఒట్టు, అందుకు అడగలేదు. చిన్నప్పటి నుంచీ ప్రతి సీజనుకీ అడుగుతాను. నాన్న ఉన్నప్పుడు నాన్నని అడిగేవాణ్ణి, ఆయన "నీకెందుకురా వాంతులోడా" అనేవాడు. నాకు వినపడని చోటు సంగతి నాకు వినాలని ఉండదా?

నీ మాట అక్కడ చెప్పడం తప్పే. మేలు చేస్తున్నాననుకున్నాను. ఇంతకంటే రాస్తే సాకులు చెబుతున్నానంటావు.

అయితే ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. మా సంఘం అధ్యక్షుడు ఉన్నాడు కదా, మీరంతా టోపీ అంటారే, ఆయన. నిన్న సంబరంగా ఒక ఫోటో చూపించాడు. రెండు చేతుల్లో గురక చేప, కడుపు నిండా గుడ్లు. పక్కవాళ్ళకి కూడా పడ్డాయట. ఎప్పుడు పట్టారండీ అంటే మే పదో తారీకు సాయంత్రం అన్నాడు. ఫోటోలో వెనకాల మీ పడవ ఉంది. నువ్వు తెడ్డు మీదకి వాలి, చెవి మూసుకుని ఉన్నావు.

ఆఫీసరు ముందు ఈ ముక్క ఆయన చెప్పనే లేదు. "చెబితే మన అర్జీ ఏమవుతుందయ్యా" అన్నాడు నింపాదిగా. నాకు తల కొట్టేసినట్టయింది. అది మా పాపం, మేం పడతాం. కానీ నువ్వు చెప్పు, చేప నీ పడవ పక్కనే ఉంటే నీకెందుకు వినిపించలేదు? అవి గురక మానేశాయా? మీ ఇంజన్లకి బెదిరి నోరు మూసుకున్నాయా?

కోపం ఉంటే ఉండనీ, జవాబు మాత్రం రాయి.

నీ తమ్ముడు


రేవు,
జూన్ 8

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, నన్ను ఆట పట్టిస్తున్నావనుకుని చింపబోయాను. తర్వాత గోడ గడియారం వైపు చూశాను.

నెల నుంచీ దానికి కొత్త బ్యాటరీ వెయ్యమని మీ బావని పోరుతున్నాను, టిక్కు టిక్కు లేదని. ఆయన సరే సరే అంటాడు, వెయ్యడు. ఆ రోజు కుర్చీ లాక్కుని ఎక్కి దగ్గరగా చూశాను. సెకండ్ల ముల్లు చక్కగా తిరుగుతోంది. దాని మీద వేలు పెట్టాను. వేలికి తగులుతోంది టిక్కు. చెవికి లేదు. కుర్చీ మీద అలాగే నిలబడిపోయాను. మీ బావ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, పడిపోతానేమోనని.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెవులకి డబ్బాలు తగిలించి, వినబడితే చెయ్యెత్తమ్మా అన్నాడు. చెయ్యెత్తడమే కదా నా పని. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎత్తే పని పడలేదు. గట్టి శబ్దాలకి ఒకటి రెండుసార్లు ఎత్తానేమో. ఎన్నో ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్నందుకు అన్నాడు, ఇంకేదో ఎముక బిగుసుకుందన్నాడు. మిషను పెట్టుకుంటే మనుషుల మాట తెలుస్తుందట. నీళ్ళ కింద చప్పుడు సంగతి అడిగితే ఆయన నన్ను విచిత్రంగా చూశాడు.

పాపం మీ బావ ఇంతకాలం గొణగలేదు. నేను చేసే పెంకితనానికి గొంతు చించుకుని, అలిసిపోయి, ఏం లేదులే అనేవాడు.

మొగ మూగబోలేదురా. నేను చెవిటిదాన్నయ్యాను. నా చెవిటితనాన్ని రేవు గోడకి అంటించారు.

ఇది మీ బావకీ నీకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నీతో పని పడింది. పౌర్ణమికి ముందే రా. ఒక్క సాయంత్రం పడవెక్కు. నువ్వు నాన్న కొడుకువి, నీకు వినిపిస్తుంది. తమ్ముడికి సరదాకి నేర్పిస్తున్నానని మావాళ్ళతో అంటాను. చేప ఉందని నువ్వు చెబితే ఒక్క చుట్టు వేస్తాను. పడవ నిలబడుతుంది, వలపెద్ద నోరు మూతపడుతుంది, ఆఫీసరు దగ్గర నా మాట వెనక్కి తీసుకుంటాను. లేదంటే పడవ అమ్మేస్తాను. నా చెవులు నన్ను మోసం చేశాయి. నువ్వు చెయ్యకు.

అక్క


ఊరు,
జూన్ 12

అక్కా,

గడియారం మీద నువ్వు వేలు పెట్టిన సంగతి నీ మరదలికి చదివి వినిపించబోయాను. సగంలో ఆపి, కాగితం ఆమె చేతికిచ్చేశాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. రెండు రోజులు సెలవు తీసుకున్నాను. రోజూ ఊగేవాడివి పడవంటే భయమేమిటని నీ మరదలు నవ్వుతోంది. లిఫ్టు పైకీ కిందికీ వెళుతుందే గానీ పక్కలకి దొర్లదు కదా. నాకోసం ఒక బకెట్టు సిద్ధంగా పెట్టు.

ఒక్కటి ముందే చెప్పేస్తాను. ఉందని నేనంటే వల దిగుతుంది. వల ఆపమని అర్జీ రాసినవాణ్ణి నేనే, నీ తమ్ముణ్ణీ నేనే. ఈ ఇద్దరూ ఒకే పడవ ఎక్కుతున్నారు. అది ఎటు ఒరుగుతుందో నాకు తెలియదు. అయినా వస్తాను.

నీ తమ్ముడు


ఊరు,
జూన్ 18

అక్కకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన ఎండు చేపల మూట వాసన బస్సులో పక్కనున్నాయన ముక్కుకి తగిలి, ఆయన దారంతా కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చున్నాడు. చొక్కాకి ఉప్పు వాసన ఇంకా పోలేదు. బావ మోకాలికి వేడినీళ్ళ కాపడం మానొద్దను.

ఆసుపత్రి లిఫ్టు మళ్ళీ మూడో అంతస్తులో ఇరుక్కుంది. తలుపు కింద ఎవరిదో చెప్పు.

మొగలో ఏమీ వినిపించలేదు కదా, ఏం చేస్తాం. మన చేతిలో ఏముంది. పడవ విషయం తొందరపడకు.

ఇట్లు,
తమ్ముడు


రేవు,
జూన్ 27

ఒరేయ్,

"ఇట్లు" ఏమిటిరా? పుట్టి బుద్ధెరిగాక నువ్వు నాకు "ఇట్లు" అని రాయలేదు. తేలు కుట్టిన దొంగలా ఆ ఉత్తరమేమిటి, లిఫ్టులో చెప్పు గోల ఏమిటి? నువ్వు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని నేను. చెవి పోయిందే గానీ కళ్ళు పోలేదు.

ఆ సాయంత్రం నువ్వు బకెట్టుకి తల దించిన ప్రతిసారీ వలపెద్ద నవ్వుకుంటున్నాడు. ఇంజను ఆగింది. తెడ్డు నీ చేతికిచ్చాను. నువ్వు పచ్చగా అయిపోయి, పిడి మీదకి కూలబడినట్టు వాలావు. నేను నీ ఎదురుగానే కూర్చున్నాను. ఉన్నట్టుండి నీ వాంతి ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఇంజను వైపు చూశావు. మళ్ళీ వాలావు. నోరు తెరుచుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదకి వచ్చాయి, నీకు తెలియను కూడా తెలియలేదు.

నాకు పదహారేళ్ళప్పుడు నాన్న మొదటిసారి తెడ్డు చేతికిచ్చి నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. నేనింకా నోరు విప్పకముందే చెయ్యెత్తేశాడు. నేను చెప్పకుండా ఈయనకెలా తెలిసిందా అని ఇన్నేళ్ళూ ఆశ్చర్యపోయాను. మొన్న నీ ఎదురుగా కూర్చున్నాక తెలిసింది.

"ఏమైనా ఉందా?" అన్నాను. "లేదక్కా" అని నీ పెదాలు కదిలాయి.

నాకు కోపం రావాలి కదా. నా చెయ్యి లేవబోయింది కూడా. మావాళ్ళు వల అంచు పట్టుకుని నా చెయ్యే చూస్తున్నారు. ఒక్క చెయ్యి ఎత్తితే పడవ నాది, సీజను నాది. కానీ నీ మొహం మీద నుంచి నా చూపు కదల్లేదు. మన కింద అంత ఉందన్నమాట. నా చెవి చచ్చిపోయిన నాటి నుంచీ మొగ చచ్చిపోయిందని నేను ఏడుస్తుంటే, అది మాత్రం రోజూ సాయంత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. నేను విన్నానా లేదా అని దానికి పట్టింపే లేదు. అది తలుచుకుంటే ఒళ్ళు ఝల్లుమంది. నీ మొహాన్ని అలా చేసిన దాన్ని వలతో చుట్టి ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదురా. "వల లోపల పెట్టండి" అన్నాను.

పౌర్ణమి వెళ్ళాక ఆఫీసరు అందరినీ పిలిచింది. సుస్తీ అని నువ్వు రాలేదు, ఆ సుస్తీ ఏమిటో నాకు తెలుసు. నేను లేచి, "గోడ మీది కాగితం తప్పు, నేను చెవిటిదాన్ని" అని అందరి ముందూ చెప్పాను. "మొగ నిండా చేప ఉంది" అన్నాను. మీ టోపీ మొహం మాడిపోయింది, మావాళ్ళు చప్పట్లు కొట్టబోయారు. అప్పుడన్నాను. "లేనప్పుడు ఆపితే ఎవరికి లాభం? ఉన్నప్పుడే ఆపాలి. గుడ్లు పెట్టినన్నాళ్ళూ వలా వద్దు, గాలమూ వద్దు. కడుపుతో ఉన్నదాన్ని వల పడితే పాపమూ గాలం పడితే పుణ్యమూనా?" రెండు పక్కలవాళ్ళూ లేచి నా మీద అరిచారు. చెవుడులో ఉన్న సుఖమేమిటో ఆ పూట తెలిసింది. ఆఫీసరు రెండూ ఆపించింది. ఈ సీజనుకి మొగ అందరికీ బంద్.

వలపెద్ద ఇంకో పడవకి వెళ్ళిపోయాడు, తనతో ఇద్దరిని తీసుకుని. తెలిసి కూడా చెయ్యెత్తలేదా అని అడిగాడు, ఈసారి గొణగలేదు. మీ బావా నేనూ మిగిలినవాళ్ళూ చిన్న చేపల కోసం దూరం వెళుతున్నాం. ఇప్పటికైతే పడవ అమ్మలేదు.

ఇదంతా నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నాకొకటి కావాలి. అదెలా ఉందో రాయి. నా తలలో పాత చప్పుడు ఉంది గానీ, తలుచుకున్నకొద్దీ అరిగిపోతోంది. నేనిక వినను. నువ్వు విన్నావు. ఏదీ దాచుకోకుండా రాయి.

అక్క


ఊరు,
జూలై 4

అక్కా,

సంఘం నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. గాలాలు కూడా ఆగిపోవడానికి నేను నీ తమ్ముణ్ణి కావడమే కారణమట. మంచిదే, ఇక అర్జీలు రాసే పని లేదు, ఇదొక్కటే రాయాలి. నాలుగు రోజుల నుంచీ రాస్తున్నాను, చింపుతున్నాను.

ముందు తెలిసింది చెవికి కాదు, పళ్ళకి. కడుపులో తిప్పుతుంటే ఓర్చుకోలేక పిడి అంచు కొరికి పట్టుకున్నాను. చిగుళ్ళలో సన్నగా దడ మొదలైంది. ఇంజను ఆపలేదేమో అనుకుని వెనక్కి చూశాను. బావ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

అప్పుడు చెవి ఆనించాను. ఒడ్డున నా చేతుల్లో గుర్రుమన్నది గుర్తుంది కదా, అది ఫిర్యాదు. ఇది అది కాదు. ఎక్కడో దూరంగా ఒకటి మొదలుపెట్టింది, తలుపు మీద వేళ్ళతో కొట్టినట్టు. దాని పక్కది అందుకుంది. ఆ పక్కది. అది నా వైపు నడిచి వచ్చింది అక్కా. పడవ కిందకి వచ్చింది, పడవ దాటి అవతలి ఒడ్డు దాకా వెళ్ళింది, అక్కడి నుంచి మళ్ళీ తిరిగొచ్చింది. వింటున్నకొద్దీ ఒక్కో గురక విడివిడిగా తెలియడం పోయి, అంతా ఒకటే అయిపోయింది. అప్పుడు తెలిసింది, మొగ అంటే నేను ఇన్నేళ్ళూ పైనుంచి చూసిన నీళ్ళు కాదని. ఆ చివర నుంచి ఈ చివరకి, పైనుంచి అడుగు దాకా అది ప్రాణంతో కిక్కిరిసి ఉంది. మనం దాని నెత్తిన పల్చటి చెక్క మీద కూర్చున్నాం, బకెట్టు పట్టుకుని.

నాకు భయం వేసింది. చెడు భయం కాదు. చాలా పెద్దవాళ్ళ గదిలోకి పొరపాటున వెళ్ళినట్టు. వాళ్ళు నన్ను చూడనైనా చూడలేదు.

మధ్యలో ఒక్కసారి అన్నీ ఆగిపోయాయి. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో. ఆ ఆగినంతసేపూ నేనూ ఊపిరి తియ్యలేదు. మళ్ళీ అన్నీ కలిసి మొదలుపెట్టాయి. ఏడుస్తున్నానని నువ్వు రాస్తేనే తెలిసింది నాకు.

అప్పుడు నువ్వు "ఏమైనా ఉందా?" అన్నావు. అరిచావు అక్కా, నీ గొంతు నీకు తెలియదు. అంత అరుపు విన్నాక కూడా అవి ఆగలేదు. వలపెద్ద చేతులు చూశాను. లేదు అన్నాను. అర్జీ కోసం అనలేదు, సంఘం కోసం అనలేదు. ఉంది అనడానికి నోరు రాలేదు, అంతే. ఇన్నేళ్ళూ గాలానికి ఒక్కొక్కటీ తగిలితే దాన్నే చేప అనుకున్నాను. నీ వలకైనా, నా గాలానికైనా అది అందేది కాదు, అది వేరే.

ఇంకొకటి. రాస్తూ ఉంటే ఇప్పుడే తోచింది. చెవి ఆనించకముందే పళ్ళకి తెలిసిందన్నాను కదా. నీకు జబ్బు చెవికి. గడియారం ముల్లు వేలికి తెలిసిందని నువ్వే రాశావు. ఒక సాయంత్రం వల లేకుండా వెళ్ళు. పిడి పళ్ళతో కొరికి పట్టుకో. కళ్ళు మూసుకో.

పనిచెయ్యకపోతే నన్ను తిట్టు. నీ తిట్లు ఉత్తరంలోనైనా వినిపిస్తాయి.

నీ తమ్ముడు


రేవు,
జూలై 13

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఈ వయసులో తెడ్డు కొరకమంటాడు, నేనేమైనా కుక్కనా అన్నాను మీ బావతో. ఆయన వెళ్ళి చిన్న పడవ తాడు విప్పాడు.

మొగలో ఎవరూ లేరు. కట్ట మీద గాలం లేదు, నీళ్ళలో వల లేదు. మా ఇద్దరికీ వింతగా, కొంచెం బెంగగా అనిపించింది. తెడ్డు దించి పిడి కొరికి పట్టుకున్నాను. ఉప్పు, పాత చెక్క రుచి, అంతే. చాలాసేపు అంతే. తమ్ముడికి పిచ్చి పట్టిందనుకుని తియ్యబోయాను.

అప్పుడు దవడలోకి వచ్చిందిరా. దవడ నుంచి చెంప ఎముకల్లోకి, అక్కడి నుంచి నడినెత్తికి. చెవితో విన్నన్నాళ్ళూ అది బయట ఉండేది, నేను ఇవతల ఉండేదాన్ని, ఎక్కడుందో లెక్క కట్టి చెయ్యెత్తేదాన్ని. ఇప్పుడు లెక్క లేదు, చెయ్యెత్తే పని లేదు. నా పుర్రె నిండా అదే. నువ్వు రాసింది తక్కువ. నిన్ను తప్పు పట్టడం లేదు, అది రాస్తే వచ్చేది కాదు.

నోట్లో తెడ్డుతోనే ఏడ్చాను. చొంగ కారి చీర తడిసింది, సిగ్గు వెయ్యలేదు. పొద్దు గూకిందట. గాలి లేచిందట. ఇంటికి పోదాం రమ్మని మీ బావ చాలాసార్లు పిలిచాడట. నాకు వినిపించలేదు.

అక్క